కిటికీలో మొదటి ముక్క

కేకు తేవాలి. కుర్చీలు తుడవాలి. తమ్ముణ్ణి తొమ్మిదింటికల్లా లేపాలి, అన్నిటికన్నా కష్టం అదే. అమ్మ పాత ఫోటో ఒకటి పెద్దది చేయించాలి.

అమ్మకు ఆ రోజుతో అరవై నిండాయి. నలభై రెండేళ్లు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి నిన్ననే రిటైరయింది. ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివింది కూతురే. ఆఫీసులో కాగితాలు సరిచూడటం ఆమె పని.

దారపు కండెల డబ్బా అడుగున ఫోటో దొరికింది. ఇద్దరమ్మాయిలు. వెనక తాతయ్య చేతిరాత: పెద్దది పదహారు, చిన్నది పన్నెండు. కింద సంవత్సరం. అలవాటు కొద్దీ పెద్దదానికి ఇప్పుడెన్నేళ్లో కూతురు లెక్క చూసుకుంది. అరవై. సరిపోయింది.

"అమ్మా, ఈ పెద్దది నువ్వే కదా?"

టీ వడపోస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కాదు. నేను చిన్నదాన్ని."

కూతురు మళ్లీ లెక్క చూసుకుంది. యాభై ఆరు.

అమ్మ నెమ్మదిగా చెప్పింది. ఫ్యాక్టరీ ఉద్యోగం అక్కకొచ్చిందట. కాగితం అందిన వారానికే జ్వరంతో పోయిందట. ఇల్లు గడవాలి, పద్దెనిమిది నిండనిదే పనిలో పెట్టుకోరు. ఆ కాగితంతో, ఆ పేరుతో పద్నాలుగేళ్ల చెల్లెలు వెళ్లింది.

"అయితే నా డిగ్రీ పట్టా మీద తల్లి పేరని ఉన్నది నీ పేరు కాదా? ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే అక్క పోయినట్టవుతుందే. నేను మిషను మీద కూర్చున్నంతసేపూ దానికి ఉద్యోగం ఉంది. నిన్నటితో ఆ ఉద్యోగమూ పోయింది."

అప్పుడే లేచొచ్చిన తమ్ముడు, అమ్మకు నాలుగేళ్లు తగ్గాయి కదా, మంచిదేగా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడే తలదించుకున్నాడు.

"మరి నీ పుట్టినరోజెప్పుడు?" కూతురు అడిగింది.

"ఎవరూ అడగలేదుగా. వానాకాలమని మాత్రం గుర్తు."

ఏటా పుట్టినరోజు కేకులో మొదటి ముక్కను అమ్మ తినకుండా కిటికీలో పెట్టేది. పిట్టల కోసమనుకుని పిల్లలిద్దరూ ఏడిపించేవారు.

కేకు మీది పేరూ, అరవై అంకే అలాగే ఉంచారు. అవి పెద్దమ్మవి. మొదటి ముక్కను ఈసారి కూతురే కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. వానలు మొదలవగానే ఇంకో కేకు తేవాలని తమ్ముడితో చెప్పింది.

మీ ఇంట్లో కేకు కోసిన రోజున, ఉద్యోగం వచ్చీ ఒక్క రోజైనా పనికి వెళ్లలేకపోయిన ఆ పద్దెనిమిదేళ్ల అక్కను ఒక్కసారి తలచుకోండి.