పచ్చ గడిలో మూడు ఫారాలు

పెద్దాయన మూడు ప్రమాద నివేదిక ఫారాలు బల్ల మీద పరిచాడు. గూఢచారి విభాగంలో ఆయన మాటకి తిరుగులేదు. ఎదుట కూర్చున్న ఏజెంట్‌ని మాత్రం అందరూ గుమాస్తా అంటారు. చూడ్డానికి అలాగే ఉంటాడు.

"నీటి శుద్ధి ప్లాంటు. అక్కడి క్లోరిన్ మీద విదేశీ ముఠా కన్నేసింది. నువ్వు వెళ్తున్నావు."

"నేనే ఎందుకు సార్?"

"మీ అక్క అక్కడ స్టోర్ కీపర్. తమ్ముడికి ఉద్యోగం వేయించిందని అనుకుంటారు. ఆవిడకీ అంతకుమించి తెలియకూడదు. లోపల మన మనిషి ఉంది, సేఫ్టీ కన్సల్టెంట్. 'గాలి ఎటు వీస్తోంది' అని అడుగు. 'ఇంకా తేలలేదు' అంటుంది."

మొదటి రోజే సేఫ్టీ మేడమ్‌తో ఆ సంకేతం సరిపోయింది. మూడో రోజు, ఉదయం పదిన్నర. అక్క స్టోరులో గ్లవుజులు సర్దుతోంది.

"ఆ ఫారాలేం చూస్తావురా? నేను రాసినవే. మేడమ్ పచ్చ రంగు వేసి పడేసింది."

గోడ మీద రిస్క్ మాట్రిక్స్ అట్ట ఉంది. అడ్డంగా తీవ్రత, నిలువుగా మళ్లీ జరిగే అవకాశం. రెండూ కలిసే గడి పచ్చదైతే సూపర్‌వైజర్ ఒక వాక్యం రాసి మూసేస్తాడు. పసుపైతే విచారణ. ఎరుపైతే జనాన్ని గేటు దాటించి, ప్లాంటు ఆపి, మూలం దాకా తవ్వాలి.

మొదట గ్యాస్ డిటెక్టర్ నాలుగు నిమిషాలు మూగబోయింది. తర్వాత లీకైన గ్యాస్‌ని పీల్చే స్క్రబ్బర్ ఫ్యూజు పోయింది. ఆపైన గాలి వాలు చూపే గుడ్డ చిరిగింది. మూడింటికీ ఒకటే రాత: ఎవరికీ దెబ్బ తగల్లేదు, తీవ్రత ఒకటి.

"నిజంగానే ఎవరికీ ఏం కాలేదుగా అక్కా?"

"కాలేదు. ఆ నాలుగు నిమిషాల్లో గ్యాస్ వచ్చి ఉంటే? దానికి గడి ఏదిరా?"

గుమాస్తా మూడు ఫారాలూ పక్కపక్కన పెట్టాడు. విడివిడిగా చిల్లర పనులు. కలిపి చూస్తే దాడికి రిహార్సల్. పదకొండుకి సేఫ్టీ డ్రిల్. సైరన్ మోగగానే రెండు వందల మంది క్లోరిన్ షెడ్డు వెనక మైదానంలో వరస కడతారు. నిజంగా గ్యాస్ కమ్మినా, డ్రిల్ అనుకుని కదలరు. వాళ్ల ముందు నిలబడి పేర్లు పిలిచేది అక్క.

మేడమ్ గదిలోకి దూసుకెళ్లాడు. పట్టుచీర, సన్నటి నవ్వు, ఖరీదైన సెంటు.

"ఈ మూడూ ఎర్ర గడిలోకి మార్చండి. ఏం జరిగిందని కాదు, ఏం జరిగి ఉండేదో చూసి మార్కు వేయాలి."

"తెలుసు. ఇక్కడివాళ్ల ట్రైనింగ్‌లో ఆ ఒక్క ముక్కా నేనెందుకు చెప్పలేదనుకున్నావు?"

ఆవిడ చేతిలో పిస్టల్ మెరిసింది. మన మనిషే అవతలి ముఠా మనిషి కూడా.

గుమాస్తా జేబులో పెన్ను నొక్కాడు. తెల్లటి పొగ ఆవిడ మొహాన్ని కప్పేసింది. గుండు గోడలో దిగింది. అతను బయటపడి తలుపు తాళం వేసి, వరండాలో ఇంటర్‌కమ్ ఎత్తాడు.

"అక్కా, ఎర్ర గడి. అందర్నీ మెయిన్ గేటు దాటించు."

"సరే" అంది అక్క. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నట్టు.

పది యాభై తొమ్మిది. అతను పరుగెత్తి చేరేసరికి షెడ్డులో సిలిండర్ వాల్వుకి చిన్న మోటారు బిగించి ఉంది. టైమర్‌లో పదకొండు సెకన్లు. ఏ వైరు తెంపాలో తెలియదు. గోడకున్న స్పానర్ లాగి మోటారు పళ్లచక్రం మధ్య దూర్చి, రెండు చేతులా అదిమిపట్టాడు. సైరన్ మోగింది. మోటారు మూలిగింది, వణికింది, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది.

మేడమ్‌ని విభాగం వ్యాను వెనక గేటు నుంచి తీసుకెళ్లింది. కొత్త కుర్రాడు పొగ కొట్టడంతో ఒంట్లో బాగాలేదని బయట చెప్పారు. సిలిండర్ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చేరి మూడు రోజులు కాలేదు, మేడమ్ మొహాన పొగ కొట్టి గదిలో పెట్టి తాళం వేస్తావా? నీకోసం ఎందర్ని బతిమాలానో తెలుసా? కూర్చో. మేనేజరుగారికి క్షమాపణ లెటర్ రాయి. నేను చెప్తా."

దేశ రహస్యాలు మోసే మనిషి, బుద్ధిగా కాగితం అందుకున్నాడు.