ఐదొందల లోపు

సిరిసిల్లల మరమగ్గాల చప్పుడు పొద్దుగూకినా ఆగదు. ఊర్లె ఉన్నోళ్లకు అది వినబడదు, అలవాటైపోయింది. దేవయ్యకైతే అసలే వినబడదు, ఇరవై ఐదేండ్ల సంది ఆ మగ్గాలు రిపేరు చేసే మేస్త్రి ఆయె. ఆ రోజు సాయంత్రం చందుర్తి రోడ్డు మీద, ఊరు దాటినంక ఉన్న పాత గోదాం ముందట బండి దిగినంక ఏదో తక్కువైనట్టనిపించి, చెవుల వేలు పెట్టుకొని తిప్పిండు. మగ్గాల చప్పుడు ఇక్కడిదాక రాదు. గంతే.

బండికి కట్టిన సంచిల ఒక ఎయిర్ రైఫిలు ఉంది, ఒక చిన్న మిషను ఉంది. రైఫిలు ఆయన బిడ్డ తేజస్వినిది. మిషను కోరుట్ల శ్యాంసుందర్ సారుది, పొద్దున తెచ్చిండు, రేపటికి మల్ల ఇచ్చెయ్యాలె.

గోదాం అర్జున్ రావుది. చందుర్తి దొరల కుటుంబం, ఇప్పుడు సిరిసిల్లల రైస్ మిల్లు నడుపుకుంటున్నరు. ఆరేండ్ల కింద పిల్లలు తుపాకి కాల్చుడు నేర్చుకుంటరంటే ఊరికెనే ఇచ్చిండు. శ్యాంసుందర్ సారు వారానికి రెండుసార్లు వచ్చి నేర్పేటోడు. అర్జున్ రావు బిడ్డ జ్యోత్స్న, దేవయ్య బిడ్డ తేజస్విని ఇక్కడనే దోస్తులైన్రు. ఒక్క టిఫిన్ల తినేటోళ్లు, ఒకల చున్నీలు ఒకలు వేసుకునేటోళ్లు. రెండు నెలల కింద జ్యోత్స్న కాల్చిన గుండు తగిలి తేజస్విని సచ్చిపోయింది. ఇదే గోదాంల.

అదెట్ల అయిందంటే, గోదాం ఆ చివరకు మందపాటి ప్లై బోర్డు ఉండేది. ముందు దిక్కు గురి కాయితాలు అంటిస్తరు. వెనుక దిక్కు ఎవలో ఒకలు కూసోని కొత్త కాయితాలకు గంజి పూస్తుంటరు. ఆ గంజి తేజస్వినే తెచ్చేది, నూలుకు పెట్టంగ మిగిలింది డబ్బల పోసుకొని. గుండు అంటే కందిగింజంత సీసం ముక్క. ఆరేండ్లల ఒక్కటి కూడ ఆ ప్లై దాటలే. అందుకే ఎవలూ భయపడలే. ఆ రోజు వెనుక తేజస్విని కూసున్నది, గుండు ప్లై దాటింది.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నరు. ఊరు ఊకుంటదా? వెనుక మనిషి ఉన్నదని తెలిసి ఎట్ల కాల్చిందని పదిహేడేండ్ల పిల్లను పట్టుకొని నానా మాటలన్నది. దేవయ్య భార్య పద్మజ అయితే, చూడనీకి వచ్చిన జ్యోత్స్న మీద దోసెడు మన్ను ఎత్తి పోసింది, నీ కడుపు కాల అని శాపాలు పెట్టింది. ఆ పిల్ల మన్ను దులుపుకోలే. దేవయ్య అక్కడనే నిలబడి చూసిండు. నోరు తెరవలే.

ఎందుకు తెరవలేదో ఆయనకొక్కనికే తెలుసు.

ఆ ప్రమాదానికి ముందు రోజు రాత్రి తేజస్విని తుపాకి తెచ్చి ముందట పెట్టింది. "గుండు కిందికే పోతుంది బాపూ, జర చూడరాదు. జగిత్యాల పోటీలు దగ్గరకొచ్చినయి." మగ్గం మేస్త్రికి తెలిసింది ఒక్కటే. దెబ్బ గట్టిగ పడితే నూలు మోసే నాడె తిన్నగ పోతది, నడుమల కిందికి జారదు. గుండైనా గంతే కదా అనుకున్నడు. మగ్గాలకు వాడే గట్టి స్ప్రింగు ఒకటి సైజుకు కోసి లోపల బిగించిండు. "సారుకు చెప్పకు" అని బిడ్డ నవ్వుకుంట అన్నది. చెప్పలే. ఆ తెల్లారే జ్యోత్స్న ఆ తుపాకి అడిగి తీసుకొని కాల్చింది.

పోలీసులు మొన్ననే తుపాకి వాపసిచ్చిన్రు. అమ్ముదామనుకుంటున్న సార్, వేగమెంతుందో చూసుకొని అమ్ముత అని అబద్ధం చెప్పి దేవయ్య ఆ మిషను తెచ్చిండు. సారు దాన్ని క్రోనోగ్రాఫ్ అంటడు. దానికి రెండు కండ్లుంటయి, మీద చిన్న లైట్లుంటయి. గుండు నీడ ఒక కన్ను మీదికెల్లి ఇంకో కన్ను మీదికి పోయేటందుకు ఎంతసేపు పట్టిందో చూసి, సెకనుకు ఎన్ని అడుగుల వేగమో చూపిస్తది. "ఐదొందల లోపుంటే ఫికర్ లేదు" అన్నడు సారు. "గంతవరకు ఆ ప్లై ఆపుతది. ఆ రోజు దానికే చెదలు పట్టిందో ఏమో, ఏం చెప్తం దేవయ్యా."

ఆ మాటను పట్టుకొనే వచ్చిండు. ఐదొందల లోపు వస్తే చెదల తప్పు. ఐదొందలు దాటితే తన తప్పు.

లోపల లైటు వేసిండు. ఎలుకల వాసన, తడిసి ఎండిన గోనె సంచుల వాసన. బల్ల మీద ఇసుక సంచి పెట్టి తుపాకి ఆనించిండు. తుపాకి మూతికి రెండు గజాల దూరంల స్టాండు మీద మిషను పెట్టిండు. ప్లైని పోలీసులు పట్టుకపోయిన్రు, ఖాళీ చట్రం మిగిలింది. దానికి ఒక కాయితం కట్టి, వెనుక ఇసుక బస్తా నిలబెట్టిండు. గుండు పెట్టి తుపాకి మూసిండు. ఐదొందల లోపు రావాలె తండ్రీ అని మొక్కిండు. ఏ దేవునికి మొక్కిండో ఆయనకే తెల్వదు.

కొట్టిండు.

462.

దేవయ్య నేల మీద కూలబడి, తువ్వాల నోట్లె కుక్కుకొని ఏడ్చిండు. నా తప్పు కాదు, నేను సంపలే అని ఎన్నిసార్లన్నడో. మనిషి పాణం ఎంత పాపిష్టిదో చూడండ్రి, బిడ్డ పోయిన రెండు నెలలకు ఆయనకు అప్పుడే మొదటిసారి ఆకలైంది.

నమ్మకం కుదరనీకి ఇంకోటి కొట్టిండు. 431. ఇంకోటి. 388.

అక్కడ చెయ్యి ఆగింది. మేస్త్రి చెయ్యి కదా, దానికి లెక్క తెలుసు. స్ప్రింగు భుజాన్ని తన్నే తన్ను మూడుసార్లూ ఒక్క తీరుగనే ఉంది. తన్ను తగ్గలే. అంకె తగ్గుతుంది. ఎక్కడనో గంజి వాసన వస్తుంది... పాసిపోయింది కాదు. అప్పుడే దింపిన వేడి గంజి.

నాలుగోది కొట్టిండు.

ఆ చప్పుడు వెంబడే ఇంకో చప్పుడు. సూది గుచ్చుకుంటే పండ్లు బిగవట్టి గాలి పీల్చినట్టు... స్స్...

297.

"ఎవలది?" అన్నడు. గోదాంల ఎవలూ లేరు. ఎలుక కావచ్చు. కండ్లు మిషను మీదనే పెట్టి ఐదోది కొట్టిండు.

స్స్...

214.

తుపాకి బల్ల మీద పెట్టి గురి కాయితం కాడికి పోయిండు. కాయితానికి ఒక్క బొక్క లేదు. వెనుక బస్తాకు లేదు. ఐదు గుండ్లు ఎటు పోయినయి? వెనుకకు తిరిగి నేల మీద చూసుకుంట వచ్చిండు. మిషను దాటినంక మూరెడు దూరంల, ఒక్క జాగల పడి ఉన్నయి ఐదూ. గట్టిదానికి తగిలితే సీసం చపాతీ అయితది. ఇవి చెక్కు చెదరలే. ఒకటి చేతిల పట్టుకున్నడు. వెచ్చగ ఉంది. తడిగ ఉంది. నీళ్ల తడి కాదు...

"బాపూ."

దేవయ్య తల ఎత్తలే. ఎత్తేటందుకు ధైర్యం రాలే.

"ఇంకోటి కొట్టు బాపూ... గీసారి ఇంకా తక్కువ చూపిస్త."

అప్పుడు సమజైంది ఆయనకు. అంకె దానంతట అది తగ్గుతలేదు. తుపాకి మూతికి, మిషనుకు నడుమ ఖాళీ ఉంది కదా, రెండు గజాలు. ఆ ఖాళీల నిలబడ్డది తన బిడ్డ. తండ్రి మీదికి తప్పు రావద్దని, కొట్టిన ప్రతి గుండుకు అడ్డం నిలబడ్డది. నాది తప్పు కాదని తేల్చుకునేటందుకు దేవయ్య బిడ్డను ఐదుసార్లు కాల్చిండు.

చెయ్యి ముందుకు చాపిండు. చేతికి ఏం తగలలే. అరచెయ్యి మీద ఊపిరి మాత్రం పడ్డది, వెచ్చగ.

"నొస్తలేదు బాపూ... కొట్టు."

ఇగ ఆ తండ్రి ఎట్ల ఏడ్చిండో చెప్పుడు నాతోని కాదు. నేల మీద తల కొట్టుకున్నడు. "నేనే బిడ్డా... ఆ స్ప్రింగు నేనే వేసిన... నేనే సంపుకున్న నిన్ను" అని ఖాళీ గోదాంల మొత్తుకున్నడు. గంజి వాసన పోలే.

అన్నీ సంచిల వేసుకొని సక్కగ అర్జున్ రావు ఇంటికి పోయిండు. అప్పటికి చీకటి పడ్డది. అర్జున్ రావు అరుగు మీద కుర్చీల కూసున్నడు, గోడ పక్క చెక్క బల్ల మీద జ్యోత్స్న. ఆ పిల్లను చూసి దేవయ్య గుండె చెరువైంది. రెండు నెలలకు సగం అయింది. పరీక్షలు రాయలే, ఒక్కలతోని మాట్లాడదు, ఏడ్వదు కూడ అని అర్జున్ రావే చెప్పిండు. "గిట్లనే ఉంటే దక్కదు దేవయ్యా నా బిడ్డ" అన్నడు.

దేవయ్య నిలబడే చెప్పిండు. స్ప్రింగు సంగతి, ప్లై సంగతి, అన్నీ. గోదాంల ఇయ్యాల జరిగింది మాత్రం చెప్పలే.

అర్జున్ రావు తల అడ్డంగ ఊపిండు. "పిల్లను ఓదార్చనీకి చెప్తున్నవు. నీ మంచితనం."

"ఒట్టు సార్, నిజం."

జ్యోత్స్న అప్పుడు నోరు తెరిచింది. "అంకుల్, నాకోసం అబద్ధం చెప్పకుండ్రి. కాల్చింది నేనే కదా."

మాటతోని అయ్యేది కాదని దేవయ్యకు తెలిసింది. మిషను తీసి అరుగు మీద పెట్టిండు. గోడకు ఇసుక బస్తా ఆనించిండు. "అంకె చూడు బిడ్డా. ఐదొందలు దాటితే తప్పు నాది. నువ్వే చూడు."

కొట్టిండు.

స్స్...

160.

"చూసినవా?" అన్నడు అర్జున్ రావు నెమ్మదిగ. "ఇగ ఇంటికి పో దేవయ్యా."

జ్యోత్స్న మిషను మీదికెల్లి కండ్లు తిప్పుకున్నది. దేవయ్య తుపాకి పట్టుకొని అట్లనే నిలబడ్డడు. ఆయన పెదవులు కదిలినయి, ఎవలికీ వినబడకుంట. "జరుగు తేజూ... పక్కకు జరుగు బిడ్డా. నన్ను కాపాడకు. నాకేమైతే ఏంది? అటు చూడు, నీ దోస్తు సస్తుంది. దాన్ని కాపాడు. నీ కాళ్లు మొక్కుత, జరుగు..."

అరుగు మీద గాలి లేదు. గంజి వాసన ముక్కు పక్కనే ఉండె. మెల్లగ, మెల్లగ తగ్గింది. దేవయ్య గుండు పెట్టిండు. కండ్లు మూసుకొని కొట్టిండు. ఈసారి ఏ చప్పుడూ తోడు రాలే. గుండు బస్తాల దిగిన చప్పుడొక్కటే.

812.

అర్జున్ రావు కుర్చీల నుంచి లేచిండు. మిషను దగ్గరికి వంగి, అంకె మల్ల మల్ల చదివిండు. జ్యోత్స్న కూడ వచ్చి చూసింది. చూసి, ఒక్కపెట్టున ఏడ్చింది. రెండు నెలల ఏడుపు అది, ఇల్లంత లేచేటట్టు ఏడ్చింది. అర్జున్ రావు బిడ్డను పట్టుకొని బల్ల మీద కూసోబెట్టి, దేవయ్య మొఖం చూడకుంట లోపలికి నీళ్లకు పోయిండు. దేవయ్య తుపాకి కింద పెట్టిండు. పాణం తేలికైందని కాదు. ఇగ మొయ్యవలసిందేదో తెలిసింది, గంతే. రేపు పద్మజకు చెప్పాలె.

మిషను తీసి సంచిల పెడదామని వంగిండు. ఎవలూ కదలలే, తుపాకిల గుండు లేదు. ఆయన చూస్తుండంగనే 812 పోయి ఇంకో అంకె వచ్చింది.

3.

సెకనుకు మూడు అడుగులు. గుండు గంత నెమ్మదిగ పోదు. మనిషి నడిస్తే గంత ఉంటది. దెయ్యాలకు నీడ ఉండదంటరు. ఆ మిషనేమో నీడనే చూస్తది.

"తేజూ" అన్నడు దేవయ్య. "బిడ్డా, ఇంటికి పోదాం రా... మీ అమ్మ ఎదురుచూస్తుంది. రా బిడ్డా."

బల్ల మీద జ్యోత్స్న ఏడుపు ఆపింది. ఒక కొసకు జరిగి, పక్కన చోటిచ్చింది. ఎవలో చెవుల చెప్తుంటే వింటున్నట్టు తల వంచి కొంచెంసేపు అట్లనే ఉంది. తర్వాత దేవయ్య దిక్కు చూసింది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆ పిల్ల మొఖం మీద నవ్వు.

"మీరు పోండ్రి అంకుల్. తేజు నా దగ్గరనే ఉంటదట."