అమ్మబండకు నీళ్ళు పోసిన రోజు

"ఆ బిందె కింద పెట్టండి మేడమ్."

జ్యోతిర్మయితో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఇంతకంటే మంచి మాట దొరకలేదా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

మా మిరపచేను పక్కనే అమ్మబండ. నిలువెత్తు రాతిలో వందల ఏళ్ళ కిందట ఎవరో చెక్కిన తల్లి. జనం పసుపూ నూనే పూసీ పూసీ ముఖం తప్ప ఏమీ కనబడదు. ఆ పూత కడిగి బొమ్మ గీసుకోవాలని టౌన్లోని బ్రాడీపేట నుంచి బస్సెక్కి వచ్చిందీ అమ్మాయి. పాత శిల్పాల మీద రీసెర్చ్ అట.

"కడిగితే ఏమవుతుంది?"

"మా ఊరి కోడళ్ళే కడగాలి. మా నాయనమ్మ రూల్."

"ఆవిడేమన్నా ఆర్కియాలజీ డిపార్ట్‌మెంటా?"

"అంతకంటే స్ట్రిక్ట్."

నవ్వింది. నా పని అక్కడితో అయిపోయింది.

"సరే, ఆవిడనే అడుగుతాను. ఇల్లెక్కడ?"

"ఊళ్ళో లేదండి. మూడు నాలుగు రోజులు పడుతుంది రావడానికి."

పచ్చి అబద్ధం. నాయనమ్మ ఒప్పుకుంటే పూటలో పని ముగించుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ మా ఊరి మొహం ఎందుకు చూస్తుంది?

అలా మూడు రోజులు వచ్చింది. ఆమె ముఖం వరకే గీస్తూ కూర్చుంటే, నేను మజ్జిగ తెచ్చిచ్చి, లేని పనులు కల్పించుకుని అక్కడే తిరిగాను. మూడో రోజు నాయనమ్మ వెంకటరావమ్మ పసుపు గిన్నెతో ఎదురుగా ప్రత్యక్షమైంది. "నాయనమ్మా!" అని నోరు జారాను.

"మామ్మగారూ, ఊరి నుంచి ఎప్పుడొచ్చారు?" అంది జ్యోతిర్మయి.

"నేనెక్కడికి పోయానమ్మా? మూడు రోజుల నుంచీ కళ్ళంలో ఎండుమిరపలోంచి తాలుకాయలు ఏరతా ఉన్నా."

జ్యోతిర్మయి నా వైపు చూసింది. నేను మిరపచెట్ల వైపు చూశాను.

సంగతంతా విని నాయనమ్మ బిందె అందుకుంది. "నేనూ ఈ ఊరి కోడల్నేగా. నేను కడుగుతా, నువ్వు గీసుకో. ఏరా కృష్ణా, నువ్వు అటు తిరుగు. అమ్మ స్నానం మగాళ్ళు చూడకూడదు."

తిరిగాను. వెనక నీళ్ళ చప్పుడు. "మామ్మగారూ, అమ్మ ఒళ్ళో బిడ్డ ఉంది!" అని ఆమె కేకేసింది. తర్వాత చాలాసేపు పెన్సిల్ గీతల శబ్దమే.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" ఉన్నట్టుండి అడిగింది.

ఎదురుగా ఎర్రటి కాయలు తప్ప ఎవరూ లేరు. అందుకే ధైర్యం వచ్చిందేమో. "మీరు వెళ్ళిపోతారని. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇంకో అబద్ధం దొరక్క దొరికిపోయాను గానీ, లేకపోతే నెల రోజులు తిప్పేవాణ్ణి."

నాయనమ్మ దగ్గింది. పెన్సిల్ ఆగింది.

"బొమ్మ ఈ రోజుతో అయిపోయిందండీ," అంది జ్యోతిర్మయి.

నా ప్రాణం ఉసూరుమంది.

"రేపు నాకు ఇక్కడ పనేం లేదు. అయినా వస్తాను. అప్పుడు ఇటు తిరిగి చెప్పండి."