ఖుద్దూస్ ఎక్కించిన గొంతు

ఆత్మకూర్‌లో బియ్యం మిల్లు మీది కంప్యూటర్ గదికి ఆ ఏడు — తొంభై తొమ్మిదిలో — పేరు చెడింది. పొద్దుగూకితే ఆ మెట్ల పక్కన మీసాలున్న మొనగాళ్ళు కూడా నడిచేవాళ్ళు కాదు. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

తాళం వేసిన గదిలోంచి ఆడగొంతు.

"తప్పు... మళ్ళా నొక్కు."

ఆ గొంతు జులేఖాది. అక్కడ పిల్లలకు టైపు నేర్పేది. జ్వరమొచ్చి పోయి నలభై రోజులైనా కాలేదు.

ఊరంతా జడుసుకుంది, తల్లి హుస్సేన్ బీ తప్ప. జ్వరంతో ఉన్న పిల్లను నాటకాలాడకని పనికి తోలింది ఆమే. పోయేవాళ్ళ దగ్గర "అన్నవీ విన్నవీ మాఫ్" అని, క్షమించామని, అనిపించుకోవడం వాళ్ళ ఆచారం. అంత గడువు దొరకలేదు పాపం.

"బేటా, గా గొంతు నాకు కావాలె," అని క్యాసెట్ల దుకాణం ఖుద్దూస్‌ను బతిమాలింది.

రాత్రి ఇద్దరూ తాళం తీశారు. చీకట్లో తెర వెలుగుతోంది... కుర్చీ ఖాళీ.

"తప్పు..."

టార్చి వేస్తే — ఎలుకలు. మిల్లు వడ్లు తిని బలిసి, మీటల మీద పరుగులు పెడుతున్నాయి. తప్పు మీట పడితే అలా అనేట్టు టైపు పాఠంలో జులేఖా గొంతు పెట్టారట. ఆపితే మళ్ళీ లేవదన్న భయంతో ఓనరు లియాఖత్ అలీ మిషన్ ఆపడు. దెయ్యం లేదు, గియ్యం లేదు.

కానీ తెల్లారితే ఆయన మిషన్‌లో ఉన్నదంతా తుడిచేసి అమ్మేస్తున్నాడు. గొంతేమో పాఠంలో ఇరుక్కుంది, విడిగా రాదు. మిషన్‌లోని రికార్డర్‌తో మైకు పెట్టి చూస్తే తల్లి ఏడుపే పడింది. ఖుద్దూస్ పట్నంలో తెచ్చిన దొంగ సీడీలన్నీ ఒక్కొక్కటే వేశాడు. తెల్లవారుజామున ఒక సాఫ్ట్‌వేర్ — కంప్యూటర్ పలికేదాన్ని లోపల్నుంచే పట్టేది — పనిచేసింది.

"దొరికింది ఖాలా..."

వాడికి టైపు రాదు. అడ్డదిడ్డంగా మీటలు నొక్కి ఫ్లాపీ నింపాడు. మహబూబ్‌నగర్‌లో దాన్ని క్యాసెట్‌కు ఎక్కించి తెచ్చాడు.

హుస్సేన్ బీ టేపు ముందు కూర్చుంది. "నన్ను మాఫ్ చేసినవా బిడ్డా?"

"తప్పు... మళ్ళా నొక్కు."

"చెయ్యవా?"

"తప్పు..."

వారం రోజులు అడుగుతూనే ఉంది. అన్నం ముట్టలేదు.

చూడలేక ఖుద్దూస్ లియాఖత్ అలీ దగ్గర మొత్తుకున్నాడు. ఆయన నవ్వాడు.

"ఒక్క వరుస సక్కగ కొడితె, 'ఫికర్ లేదు, మంచిగ చేసినవ్' అంటుండె గదా పాఠంల గా పిల్ల. గా మాట ఎక్కించలేదా?"

మిషన్ తుడిచేసి అప్పటికి ఏడు రోజులు.

సాయంత్రం హుస్సేన్ బీ వాణ్ణి గడపలోనే ఆపింది. "బేటా... గింతకన్న ఏమన్న అన్నదా అది?"

"లేదు ఖాలా," అన్నాడు ఖుద్దూస్.