చుక్క కారని రొయ్యల పెట్టె

నరసాపురం రేవులో జీపు పంటు పడవెక్కుతుండగా ఏజెంట్ పోతురాజు చెవిలో చీఫ్ గొంతు పలికింది.

"కోడ్?"

"చక్రకేళి గెల."

"పెట్టె అందిందా?"

"అందిందండి."

చీఫ్ పెద్దింట్లమ్మ గారు గుక్క తిప్పుకోకుండా బ్రీఫింగ్ ఇచ్చేశారు. పెట్టెలో ఉన్నవి రొయ్యల శాంపిళ్లు. జపాన్‌లో ఒసాకా బయ్యరు రుచి చూసి ఊ అంటే మన తీరంలో నాలుగొందల చెరువుల సరుకు పోతుంది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలి తగ్గిందా, ఆర్డరు గల్లంతు. దాన్ని చెడగొట్టడానికి ఓ విదేశీ ముఠా దారి కాస్తోంది. పన్నెండున్నరలోగా మధురపూడి ఎయిర్‌పోర్టు కార్గోలో అప్పగించాలి.

"మూత మాత్రం తీయకు."

పోతురాజంటే మాటలా? ఒకసారి మొసలి వేషంలో మడ అడవిలో మూడ్రోజులు పడుకుంటే, అసలు మొసలొచ్చి పెళ్లి సంబంధం మాట్లాడింది. ఈసారి అరటికాయల వ్యాపారి వేషం. చేతికి పెట్టెలోని చలి చెప్పే వాచీ. పక్కన క్వాలిటీ ఆఫీసరు శ్రీదుర్గ, నల్ల కళ్లద్దాలు, లేసు చున్నీ. సినిమా పోస్టరు దిగొచ్చి జీపెక్కినట్టుంది.

రావులపాలెంలో టీకి ఆగారు.

"ఏంటండీ, పెట్టె కింద చుక్క నీరైనా లేదు?" అంది శ్రీదుర్గ.

పోతురాజు వంగి పెట్టె కింద తడిమాడు. వాళ్లమ్మ వీరవేణి ముప్పై ఏళ్లు చేపల గంప బస్సెక్కించింది. ఐసన్నాక కారాలి. కారి, కండక్టరు చేత తిట్లు తినాలి. ఇదేమో గచ్చులా పొడిగా ఉంది!

"ఐసు కొట్టేశారు!"

వాచీ వంకైనా చూడకుండా మూత తీశాడు. రొయ్యల చుట్టూ తెల్లటి ముక్కలు పొగలు కక్కుతున్నాయి. శత్రువుల కెమికల్ అనుకుని గుడ్డతో పట్టి కాలవలోకి విసిరేశాడు. ఐసుదిమ్మ కొట్టించి పెట్టె నిండా పోయించాడు. పెట్టె కమ్మగా కారడం మొదలెట్టింది. మనవాడి ప్రాణం కుదుటపడింది.

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర వాచీ చూసుకున్నాడు. మైనస్ రెండు!

శ్రీదుర్గ కళ్లద్దాలు తీసింది. "మీరు పారేసింది డ్రై ఐసండి. అది నీరవదు, గాలిలో కలిసిపోతుంది. నేను మూత ముట్టుకున్నానా? నీరు లేదన్నాను, అంతే."

"నువ్వు ముఠా మనిషివా!"

"రెండు చోట్లా ఉద్యోగమేనండి." హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న మీటరు తీసిచ్చింది. "ఇది పెట్టెలో పడేయండి. పొద్దుట్నుంచి మైనస్ ఇరవయ్యే అని చూపిస్తుంది. తప్పు విమానం వాళ్ల మీదకి పోతుంది. చేపలమ్మి పెంచిన తల్లి కొడుక్కి ఐసు తెలీదంటే రేవులో మొహమెలా చూపిస్తారు?"

కౌంటరు మూయడానికి అయిదు నిమిషాలుంది. పోతురాజు చెవులు కాలిపోయాయి. మీటరు అందుకున్నాడు, పెట్టె దాకా తీసుకెళ్లాడు కూడా. ఒసాకా వాళ్లు పెట్టె విప్పి ముక్కు మూసుకోవడం, నాలుగొందల గట్ల మీద జనం ఫోన్ల వంక చూస్తూ కూర్చోవడం కళ్లముందాడాయి. చేయి రాలేదు. చెవిలోని ఫోన్లో చీఫ్‌ని పిలిచాడు.

"మేడమ్... మూత తీశానండి. డ్రై ఐసు పారేసి మామూలు ఐసు పోశానండి."

"ఎందుకయ్యా?"

"కారట్లేదనండి."

అటువైపు ఎవరో పకాలున నవ్వారు. కంట్రోల్ రూమంతా వింటోంది మరి.

"అవే శాంపిళ్లున్న జోడీ పెట్టె కార్గో పక్క కోల్డ్ రూములో ఉంది," అన్నారు చీఫ్. "మొదటిది పాడైందని మోసినవాడు ఒప్పుకుంటేనే తలుపు తీస్తారు. పరిగెత్తు!"

శ్రీదుర్గని సెక్యూరిటీ చేతుల్లో పెట్టి పరిగెత్తాడు. షట్టరు జానెడు ఎత్తులో ఉండగా రెండో పెట్టె లోపలికి జారింది.

సాయంత్రం రిపోర్టులో "శత్రువు వాడిన ఆయుధం" అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాడు. చివరికి తలొంచుకుని తన పేరే రాశాడు, ఇంటిపేరుతో సహా.