ముస్తాబు చేసిన హెచ్చరిక

హోటల్ గది తలుపు పిడి మీద చెయ్యి వేసేసరికి అతని చేతి వాచీ వణికింది. బొటనవేలంత తెర, లైనుకి నాలుగు మాటలు పట్టడమే గగనం. ‘విత్ రిఫరెన్స్ టు యువర్ ఎస్టీమ్డ్...’ అని మొదలైంది. ఆఫీసు మర్యాదలు ఇప్పట్లో తెమలవనుకుని పిడి తిప్పాడు. తలుపుతో పాటు అతనూ ఎగిరిపోయాడు.

నెల తిరక్కుండానే చీఫ్ అతని చెల్లెల్ని పిలిపించాడు. అన్నలాగే ఆమె కూడా ఆ ఆఫీసులోనే సీక్రెట్ ఏజెంట్. కోడ్ నేమ్ పిచ్చుక.

“టార్గెట్ శాంతి సభ. విదేశీ ముఠా బాంబు పెడుతోంది. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, కోడ్ నేమ్ మేడమ్. సభలో పాట ఆమెదే.”

“మన మనిషేనా?”

“అదే తేల్చాలి. మీ అన్నయ్యకి బాంబు సంగతి కావాలనే ఆలస్యంగా చెప్పిందని అనుమానం. మోసమని తేలితే కాల్చెయ్.”

“సంతోషంగా,” అంది పిచ్చుక. ఆ గొంతులో సంతోషం ఏ కోశానా లేదు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు.

కారిడార్లో మాస్టారు ఎదురై తల వంచుకుని తప్పుకున్నాడు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ ట్రైనింగులో ఇంగ్లీషు నేర్పింది ఆయనే. ఫీల్డుకి వెళ్ళే ప్రతి మెసేజీ ఆయన తిరగరాశాకే వెళ్తుంది. వాక్యాన్ని పెళ్ళికూతురిలా ముస్తాబు చెయ్యందే గడప దాటనివ్వడు. అన్నయ్య పోయినప్పుడు రెండు పేజీల సంతాపం పంపాడు. ఎంత వెతికినా అందులో ఆమెకి అన్నయ్య దొరకలేదు.

పియానో మెకానిక్ వేషంలో పిచ్చుక సభ హాలు చేరింది. నూనె మరకల కోటు, లావుపాటి కళ్ళజోడు, టూల్ బాక్సు అడుగున సైలెన్సర్ పిస్టల్. గ్రీన్ రూములో మేడమ్ లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. చూపు తిప్పుకోనివ్వని అందం.

“వాన ఆగిందా?”

“గొడుగు మిగిలింది.”

కోడ్ సరిపోయింది. పిచ్చుక పిస్టల్ తీసింది. “మా అన్నయ్యకి ముందే ఎందుకు చెప్పలేదు?”

మేడమ్ చెయ్యి ఆగిపోయింది. “పొద్దున్నే చెప్పాను. మీ ఆఫీసుకి తప్ప ఈ లిప్‌స్టిక్ సిగ్నల్ ఇంకెక్కడికీ అందదు.” లిప్‌స్టిక్ గొట్టం తిప్పింది. లోపలి ట్రాన్స్‌మిటర్ మీద ఆనాటి మెసేజీ వెలిగింది. ‘డోర్ వైర్డ్. డోంట్ ఓపెన్.’

పిచ్చుక పిస్టల్ దించేసింది. ఆ రెండు ముక్కలూ మాస్టారి చేతిలో ఏమై ఉంటాయో ఆమెకి అర్థమైంది. ముందు రిఫరెన్సు, తర్వాత పొగడ్త, ఆపైన షరతులు, అన్నింటి వెనకా బాంబు. “ఇవాళ్టి బాంబు ఎక్కడో తెలియగానే ఇలాగే పంపుతాను,” అని మేడమ్ స్టేజీ వైపు వెళ్ళిపోగానే పిచ్చుక వాచీని నోటి దగ్గర పెట్టుకుంది.

“మాస్టారూ, అన్నయ్య మెసేజీలో బాంబు మాట ఎక్కడ పెట్టారు?”

“చివర్లోనమ్మా. ఎత్తుకోగానే భయపెట్టడం మర్యాద కాదని...”

“ఆ మర్యాదే అన్నయ్యని పొట్టన పెట్టుకుంది మాస్టారూ. ఈసారి నేనేం చెయ్యాలో ముందు చెప్పండి. మిగతాది బతికుంటే చదువుకుంటాను.”

హాలు నిండిపోయింది. అతిథులు వరసగా కూర్చున్నారు. తీగలు సరిచూద్దామని పిచ్చుక పియానో మూత మీద చెయ్యి వేసింది. వాచీ వణికింది.

‘డోంట్ లిఫ్ట్ ది లిడ్.’

చెయ్యి వెనక్కి తీసుకుంది. వెంటనే ఇంకోటి. ‘టైమర్ రన్నింగ్. బ్యాటరీ అండర్ పెడల్స్. పుల్ ఇట్.’

పిచ్చుక నేల మీద వెల్లకిలా దూరి, పెడళ్ళ కింద తడిమి బ్యాటరీ లాగేసింది. టిక్‌టిక్ ఆగింది. టైమర్ ముల్లు సున్నాకి ఒక్క గీత ముందు నిలిచిపోయింది. పేలాల్సిన చోట మేడమ్ పాట మొదలయ్యేసరికి ముఠావాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. హాల్లో ఉన్న తోటి ఏజెంట్లు బేడీలు వేశాకే చూపులు మరల్చుకున్నారు.

పిచ్చుక పియానో కింద నుంచి లేవబోతుంటే వాచీ మళ్ళీ వణికింది.

‘మై సెంటెన్స్ కిల్డ్ యువర్ బ్రదర్. ఐ యామ్ సారీ.’

అన్నయ్య పోయిన రోజున కూడా రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. పైన చప్పట్లు మోగుతుంటే కోటు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివింది. మాస్టారు రాసినదాంట్లో కొట్టెయ్యడానికి ఒక్క మాట కూడా లేకపోవడం ఆ రోజే మొదటిసారి.