ఏకగ్రీవానికి ఒక్క ఓటు తక్కువ

అరుణపురంలో పాఠశాల కమిటీ ఎన్నిక అంటే పెళ్ళికి తక్కువేమీ కాదు. మనుషులు కుజుడి మీద కాపురాలు పెట్టి రెండు తరాలైనా ఆ సరదా మాత్రం తగ్గలేదు. ఆ రోజు గాలి గొట్టాలకి కాగితం తోరణాలు కట్టారు. బెండకాయ వేపుడు వాసన హాలు దాకా వస్తోంది. పైన గాజు గుమ్మటంలో ఉండేవాళ్ళూ, కింద సొరంగాల్లో మంచు తవ్వే గనివాళ్ళూ ఒకే హాల్లో కూర్చున్నారు. కాకపోతే మధ్యలో ఒక వరస కుర్చీలు ఖాళీగా మిగిలాయి.

ఆ ఖాళీ వరసని చూసి మందాకినికి ఒళ్ళు మండింది. కమిటీ సభ్యురాలిగా ఆమె రెండోసారి నిలబడింది. ఆమె వాగ్దానం ఒక్కటే, గని పిల్లల బడినీ గుమ్మటం బడినీ కలిపేయడం. పోయినసారి ఇదే మాటకి మీటింగులో అందరూ చేతులెత్తారు, రహస్య ఓటింగులో ఓడించి నిలువునా ముంచేశారు. ఆ దెబ్బ ఆమె మరిచిపోలేదు. అందుకే ఈసారి పట్టుబట్టి మనోమతిని తెప్పించింది.

మనోమతి అంటే నుదుటికి కట్టుకునే పట్టీ, దానికి అమర్చిన న్యూరల్ స్కానర్. దాన్ని తయారుచేసిన డాక్టర్ నసీమా ఓటర్లకి ఓపిగ్గా వివరించింది. ప్రశ్న వినగానే మెదడులో ముందు ఇష్టమో అయిష్టమో పుడుతుంది. మర్యాద, భయం, సిగ్గు తర్వాత వచ్చి దానికి బట్టలు తొడుగుతాయి. బట్టలు తొడగకముందే ఆ తొలి తరంగాన్ని యంత్రం పట్టుకుంటుంది. అవునైతే పట్టీ మీద ఆకుపచ్చ దీపం, కాదంటే ఎర్రది. ఓటు వేసేటప్పుడు మాత్రం దీపం ఆర్పి ఉంచుతారు.

"ఇంకోసారి ఆలోచించండి మేడమ్," అంది నసీమా మెల్లగా. "మేం దీన్ని చేసింది మాట పడిపోయిన రోగుల కోసం."

"మా ఊళ్ళో మాటకేం లోటు లేదమ్మా. మనసులో ఏముందో తెలియకే ఛస్తున్నాం," అంది మందాకిని.

పోటీకి దిగిన పెదకోటయ్య ఆఖరి నిమిషంలో తప్పుకున్నాడు. భూమి నుంచి మూటగట్టుకొచ్చిన మోజుల్లో ఏకగ్రీవం ఒకటి. ఆ మాట వింటే అరుణపురంలో మంచం పట్టినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. అయినా ఊరి నియమం ప్రకారం అభ్యర్థితో సహా అందరూ పట్టీ కట్టుకుని ఒకే ప్రశ్న విన్నారు. రెండు బడులనీ కలిపే మందాకిని కమిటీలో కావాలా?

"అందరూ అవునన్నారు," అని ప్రకటించింది యంత్రం. "ఒక్కరు తప్ప."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మందాకినికి మాత్రం ఆ ఒక్కరే చెవిలో మిగిలారు.

"ఎవరది?"

"అది చెప్పదు మేడమ్. పట్టీ కట్టుకుని ఎవరి ఓటు వాళ్ళే అడిగి తెలుసుకోవాలి," అంది నసీమా.

"అయితే అందరూ అడగండి. ఏకగ్రీవం చెడగొట్టిన ఆ మహానుభావుడి మొహం నేను చూడాలి!"

గెలిచినావిడకి ఇదేం పంతమని ఎవరూ అనలేదు. అంటే అనుమానం తన మీదికొస్తుందని ప్రతివాడికీ భయమే. అందరి కళ్ళూ పెదకోటయ్య మీద పడ్డాయి. ఆయనే ముందు లేచి పట్టీ కట్టుకున్నాడు. ఆకుపచ్చ వెలిగింది.

"పోయినసారి కాదన్నవాళ్ళలో నేనూ ఉన్నానమ్మా," అన్నాడాయన సిగ్గుపడుతూ. "మా మనవడు గని పిల్లలతో ఆడి ఆడి నన్ను మార్చేశాడు."

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అన్నీ ఆకుపచ్చే. చివరికి గని మేస్త్రి పోలినాయుడు కూడా ఆకుపచ్చ చూపించి పక్కకి తప్పుకున్నాడు. ఇంకెవరూ మిగల్లేదు. హాలంతా మందాకిని వైపు తిరిగింది.

యంత్రం లెక్క తప్పిందనుకుని ఆమె నవ్వుతూ పట్టీ కట్టుకుంది. "సరే, నా ఓటేమిటో చెప్పు."

ఎర్ర దీపం వెలిగింది.

"తప్పు!" అని అరిచింది మందాకిని. ఓటు వేసేటప్పటి క్షణం అప్పుడు గుర్తొచ్చింది. ప్రశ్న వినగానే మనవరాలు హేమ జడ కళ్ళముందు మెదిలింది, ఆ జడ మీద ఎర్రమట్టి అంటిన ఎవరో గని పిల్ల చిన్న చెయ్యి. లోపల ఏదో చటుక్కున ముడుచుకుంది. అది గమనించేలోపే పోయింది కూడా. ఇన్నేళ్ళ ఉపన్యాసాలూ తన నోటివేనా? ఆమెకి తనని చూస్తేనే భయం వేసింది.

పోలినాయుడే మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఏదైతేనేం, గెలిచారు కదమ్మా. రేపు మా పాపని బడికి పంపమంటారా?"

"పంపవయ్యా! తప్పకుండా పంపు. మా హేమ పక్కనే కూర్చుంటుంది," అంది మందాకిని కళ్ళనీళ్ళతో. ఆ మాట ఆమె నిజంగానే అంది.

పట్టీ ఇంకా నుదుటి మీదే ఉంది. ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది.

పోలినాయుడు ఆ దీపాన్ని చూశాడు, ఆమెని చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"పాపని రేపు పంపుతాన్లెండి," అన్నాడు. "ముందు ఆ పట్టీ తీసేయండమ్మా. అది నెత్తిమీద ఉన్నంతసేపూ మనం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేం."